యక్షుడి మైదానం

శోణపురి నగరానికి ఏడు ప్రాకారాలు. ఒక్కో ప్రాకారం మీద ఒక్కో రంగు జెండాలు, మేడల మీద బంగారు పూత పూసిన కలశాలు, వీధులకు రెండు వైపులా పొగడచెట్లు. ఆ వైభవాన్ని చూడడానికి దూరదేశాల వర్తకులు ఓడలు దిగి వచ్చేవారు. కాని ఎంతటి మాటకారి అయినా నగరం నడిబొడ్డుకు చేరేసరికి నోరు మూసుకుని, గోడవారగా గబగబా నడిచి వెళ్ళిపోయేవాడు.

అక్కడ ముప్ఫై ఎకరాల బోడినేల ఉంది. దాని మీద గడ్డి మొలవదు, పిట్ట వాలదు. నేల మధ్యన నల్లరాతి దిమ్మె మీద స్తంభకర్ణుడనే యక్షుడు కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంటాడు. తాటిచెట్టంత మనిషి. రాగి రంగు జుట్టు, చెరువు గట్టంత వీపు, గుడిసె గుమ్మాలంతేసి చెవులు. ఒకనాడు కుబేరుడి తోటలో పిల్లలంతా ఆడుకుంటూ ఉంటే, కాళ్ళు లేని ఒక పసివాడు పక్కన కూర్చుని చూస్తున్నాడట. "నీకెందుకురా ఆట?" అని స్తంభకర్ణుడు పకపకా నవ్వాడట. ఆ నవ్వుకు దొరికిన శాపం ఇది. అతడు ఆ దిమ్మె మీది నుంచి లేవలేడు. లేవాలంటే ఎవరో ఒక శిల్పి ఆ నేల మీద ఆటస్థలం కట్టాలి. తలుపులు తెరిచిన రోజున వచ్చేవాళ్ళను ఎవరినీ వద్దనకూడదు. లోపల అడుగుపెట్టిన ప్రతి మనిషీ పొద్దుగుంకే లోపల ఆటలో చేరాలి. ఒక్కరు మిగిలిపోయినా, కట్టినదంతా నేలలో కలిసిపోతుంది, కట్టిన శిల్పి నిలుచున్న చోటే రాయైపోతాడు.

అప్పటికి ముగ్గురు శిల్పులు ప్రయత్నించారు. మొదటివాడు పాలరాతి నాట్యమండపం కట్టాడు. కుంటి కుమ్మరి ఒకడు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. రెండోవాడు సాముగరిడీ కట్టాడు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మ ఒకతె తాళ్ళ వంకా, గదల వంకా చూసి కొంగు నోటికి అడ్డుపెట్టుకుని నిలబడిపోయింది. మూడోవాడు రాణిగారి ఆస్థాన శిల్పి విశ్వకేతుడు. నూరు గోడల మీద నూరు కథలు చిత్రించి, ఆ బొమ్మలు చూసుకుంటూ దారి కనిపెట్టే పద్మవ్యూహం కట్టాడు. నగరమంతా విరగబడి ఆడింది. పుట్టుగుడ్డి అయిన పదేళ్ళ పిల్ల ఒకతె మాత్రం మొదటి గోడకు చేరగిలబడి, సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. విశ్వకేతుడు చేతిలో ఉలితో సహా నల్లరాయి అయ్యాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురు తరళ. ఇరవై ఏళ్ళది. తండ్రి రాతిపని చేస్తే ఆమె కొయ్యపని చేసేది. కొయ్య చెక్కే బాడిశ పట్టుకుంటే ఆమె చెయ్యి వణకదు, చిత్రిక పడితే కొయ్య అద్దంలా మెరుస్తుంది. తండ్రి రాయైన మూడో రోజున ఆమె నేరుగా మహారాణి ఇలాదేవి కొలువుకు వెళ్ళి నమస్కరించింది.

"మహారాణీ, నాలుగో ఆటస్థలం నేను కడతాను."

ఇలాదేవి సింహాసనం దిగి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మీ నాన్నను పోగొట్టుకున్నాం. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా, తల్లీ?"

"పోగొట్టుకోలేదమ్మా. నాన్న అక్కడే ఉన్నాడు, రాయిగా. శాపం తీరితే ముగ్గురూ లేస్తారు. నాకు నలభై రోజులు గడువివ్వండి."

రాణి తన వేలి ముద్రుటుంగరం తీసి ఇచ్చింది. రాజ్యంలో ఏ అడవి కొయ్యనైనా, ఏ కొండ రాయినైనా తెచ్చుకోవడానికి అదే అనుమతి.

తరళ మైదానంలో కాలుపెట్టగానే యక్షుడు కళ్ళు తెరిచాడు. "పిల్లా, ఒక మాట విని మరీ మొదలుపెట్టు," అన్నాడు. అతడు మెల్లగా మాట్లాడినా దుమ్ము లేచింది. "శాపం తొందరగా తీరుతుందన్న ఆశతో నేను కాలజంఘుడనే మాంత్రికుడితో ఒప్పందం చేసుకున్నాను. వాడు దేశదేశాలా చాటించి శిల్పులను పంపుతాడు. నలుగురు శిల్పులు ఓడిపోతే మాత్రం నేను వాడికి శాశ్వతంగా బానిసను. నువ్వు నాలుగోదానివి. నువ్వు గెలవడం వాడికి ఇష్టం ఉండదు."

"మీకు?"

యక్షుడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "లేచి నిలబడి నూరేళ్ళయింది," అన్నాడు.

ఆ మైదానానికి కాపలాదారు సింగన్న. ఒకనాటి యుద్ధంలో కుడికాలు మోకాలి దాకా పోగొట్టుకుని, చంకకర్ర మీద నడిచే ముసలి సైనికుడు. తరళ నేల మీద ముగ్గుపిండితో పటం గీస్తూ ఉంటే అతను వెనక నిలబడి మీసం దువ్వుకుంటూ చూశాడు. ఎత్తైన బురుజులు, తాడు వంతెనలు, దూకే గుంటలు. పటం రాజఠీవితో ఉంది.

"బాగుందా, బాబాయ్?"

"బాగుంది. నేను మాత్రం ద్వారం దగ్గరే కూర్చుంటాలే," అన్నాడు సింగన్న నవ్వుతూ.

తరళ చేతిలోని ముగ్గుపిండి అలాగే ఆగిపోయింది. ఆ సమయానికే పూసలమ్మేవాళ్ళ వీధి నుంచి ఒక పిల్ల గోడ తడుముకుంటూ వచ్చి వాళ్ళ దగ్గర నిలబడింది. చెవులకు ఎర్రపూసలు, కళ్ళు పాలగవ్వల్లా తెల్లగా ఉన్నాయి.

"తరళక్కవు నువ్వేనా? నా పేరు గురివింద. మీ నాయన రాయైపోయింది నా వల్లేనక్కా." ఆ పిల్ల గాలిలో గోడను తడిమినట్టు చెయ్యి ఆడించింది. "గోడ మీద బొమ్మలున్నాయన్నారు. నేను తడిమి చూశా. నున్నగా ఉంది. అంతే."

తరళ లేచి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "నీ వల్ల కాదమ్మా. గోడ నున్నగా చేసింది మా నాన్న. ఆ గోడకు రంగు కలిపి ఇచ్చింది నేను. మాకు నువ్వు గుర్తు రాలేదు. తప్పు మాది."

గురివింద ముక్కు ఎగబీల్చి, "అయితే ఇప్పుడేం గీశావో చెప్పు," అంది. తరళ చెప్పింది. అంతా విని ఆ పిల్ల, "ఇందులో నేనెక్కడుంటాను?" అని అడిగింది.

తరళ కాలితో పటమంతా చెరిపేసింది.

ఆ తరువాత మూడు రోజులు ఆమె గీత గీయలేదు. గాజులబుట్ట నెత్తిన పెట్టుకుని, గాజులమ్మే ముసలిదాని వేషం వేసుకుని వీధులన్నీ తిరిగింది. శిల్పి వచ్చి చూస్తే పిల్లలు బుద్ధిగా నిలబడతారు, గాజుల అవ్వను ఎవరూ పట్టించుకోరు. చాకలి రేవులో పిల్లలు తడిబండ మీద జారుతున్నారు. ఏటవాలు ఎక్కువైతే దెబ్బ తగులుతుందనీ, తక్కువైతే సగంలో ఆగిపోతామనీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, జారి జారి తెలుసుకున్నారు. సాలెవాడలో చెవిటి పిల్లవాడొకడు తన నీడ ఏ వేళకు ఎంత సాగుతుందో బొగ్గుతో గుర్తులు పెట్టుకుంటున్నాడు. ఒక అరుగు మీద అవ్వలు మనవరాళ్ళతో వామనగుంటలు ఆడుతూ, ఆడుతూ దొంగాట ఆడుతున్నారు. అవ్వ దొంగాటను పట్టుకోవడానికి నాలుగేళ్ళ పిల్ల నోటితో లెక్క కడుతోంది. ఆ లెక్క చూసి తరళ గాజులబుట్ట కింద పెట్టి మరీ నవ్వింది.

మూడో సాయంత్రం ఆమె గురివిందను అడిగింది. "నీకేం కావాలి?"

"నేల నాతో మాట్లాడాలక్కా. అడుగు వేస్తే ఎక్కడున్నానో నేలే చెప్పాలి."

"అలాంటి నేల ఉంది," అన్నాడు సింగన్న. "ఘంటాగిరి మీద. అక్కడి రాళ్ళు కొడితే గంటల్లా పలుకుతాయి. కాని అక్కడ గండభేరుండం గూడు కట్టుకుంది. రెండు తలల పక్షి. ఏనుగును కూడా ఎత్తుకుపోతుంది."

మర్నాడు తెల్లవారగానే ముగ్గురూ ఎద్దులబండి మీద బయలుదేరారు. దారి చెప్పడానికి సింగన్న, రాయి స్వరం ఎంచడానికి గురివింద. కొండ కింద అడవిలో పనసపండ్లు మగ్గి తేనె వాసన వేస్తున్నాయి. తరళ మూడు పండ్లు కోసి బండిలో వేసింది.

ఘంటాగిరి శిఖరం ఎండలో వెండి పళ్ళెంలా మెరుస్తోంది. గాలి వీచినప్పుడల్లా కొండంతా సన్నగా మోగుతోంది. గురివింద చిన్న సుత్తితో రాళ్ళు కొడుతూ, "ఇది బాగుంది, ఇది గొంతు బొంగురు, ఇది మళ్ళీ బాగుంది," అంటూ ఉంటే తరళ వాటిని గడ్డపారతో పెకలించి కొయ్యచట్రం మీద పేర్చసాగింది. అరవై మూడో రాయి పెకలించేసరికి ఎండ హఠాత్తుగా మాయమైంది.

తరళ తలెత్తింది. ఆకాశాన్ని కప్పేసిన రెక్కలు! వాటి మధ్య నుంచి రెండు మెడలు పాముల్లా వంగి వస్తున్నాయి. ఒక ముక్కు ఆమె జడ అంచును తెంపుకుపోయింది. రెండో ముక్కు సింగన్న చంకకర్రను రెండు ముక్కలు చేసింది. ఎద్దులు పలుపులు తెంపుకుని కొండ కిందికి పారిపోయాయి. తరళ గురివిందను బండరాయి చాటుకు తోసి, తను బండి కిందికి దూరింది. పక్షి ఒక్క తన్ను తన్నేసరికి బండి పలకలు ఊడి చెల్లాచెదరయ్యాయి. వాటితోపాటే పనసపండ్లు దొర్లాయి. రెండు తలలూ ఒకే పండు మీదికి వంగి, ఒకదాన్నొకటి పొడుచుకుని, కీచుమన్నాయి.

తరళకు మెరుపు మెరిసినట్టయింది. పొడవాటి పలక ఒకటి లాగి, మోకాలెత్తు బండరాయి మీద అడ్డంగా పెట్టింది. మిగిలిన రెండు పండ్లలో ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన పెట్టి పక్కకు దొర్లింది. ఎడమతల ఎగబడి తన వైపు కొసను నొక్కింది. ఆ కొస కిందికి పోయి, అవతలి పండు గాలిలోకి లేచి కుడితల ముందు నిలిచింది. కుడితల దాన్ని పొడిచింది. ఇప్పుడు ఎడమపండు పైకి లేచింది! రెండు తలలూ తెల్లబోయి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎడమతల మళ్ళీ నొక్కింది. కుడితల మళ్ళీ నొక్కింది. ఇంకో నాలుగు ఊపులయ్యేసరికి అవి పండ్ల సంగతి మరిచిపోయి, వంతులవారీగా నొక్కుతూ, పావురాల్లా కువకువలాడుతున్నాయి.

"పుట్టి బుద్ధెరిగాక వాటికి కలిసి చేసే పని ఒక్కటీ దొరకలేదు కాబోలు!" అన్నాడు సింగన్న కొయ్యచట్రం మీద చతికిలబడి. 

ఆ బరువుకు చట్రం కదిలింది. కట్టిన తాడు పుటుక్కుమంది. అరవై మూడు రాళ్ళతో, ఒంటికాలి సైనికుడితో సహా ఆ చట్రం ఏటవాలు మీద బాణంలా దూసుకుపోయింది. "ఓరి నాయనోయ్!" అన్న కేక లోయలోకి సన్నబడిపోయింది. తరళ గురివిందను వీపున ఎక్కించుకుని, ముళ్ళు, రాళ్ళు చూడకుండా పరుగెత్తింది. పొదలు దాటింది, వాగు దాటింది. కొండ అడుగున ఇసుకమేటలో చట్రం దిగబడి ఉంది. సింగన్న వెల్లకిలా పడి ఉన్నాడు. అతని పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

"బాబాయ్! దెబ్బ తగిలిందా?"

సింగన్న నవ్వుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. "కాలు పోయాక ఇంత వేగంగా వెళ్ళడం ఇదే మొదలమ్మా! ఇరవై ఏళ్ళు! ఇంకోసారి పైకి లాగుతారా?"

తరళ ఆ చట్రం వైపూ, కొండ వాలు వైపూ, ముసలివాడి ముఖం వైపూ చూసింది. ఆ సాయంత్రమే కొత్త పటం గీసింది. అందులో ఒక్క మెట్టు కూడా లేదు.

నలభై రోజులూ నలభై ఘడియల్లా గడిచాయి. రాణిగారి వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు పగలంతా పనిచేశారు. ఏ భాగం పూర్తయినా తరళ ముందు సింగన్నను, గురివిందను, వామనగుంటల అవ్వలను, సాలెవాడ చెవిటి పిల్లవాణ్ణి పిలిచి ఆడించేది. వాళ్ళు పెదవి విరిస్తే విప్పించి మళ్ళీ కట్టించేది.

నలభై ఒకటో రోజు సూర్యుడు ఉదయించేసరికి మైదానం ద్వారాలు తెరుచుకున్నాయి. లోపల చూడబోతే, ఇంద్రుడి నందనవనంలో దేవతలు కూడా ఇన్ని ఆటలు ఎరిగి ఉండరు. ద్వారం దగ్గర మొదలైన పలికే రాళ్ళ బాట మైదానమంతా చుట్టి వస్తోంది. నీళ్ళ దగ్గర మంద్రంగా, ఉయ్యాలల దగ్గర తీయగా, మలుపు దగ్గర రెండుసార్లు పలికి అడుగు హెచ్చరిస్తోంది. ఏటవాలు గుట్టల మీద నున్నటి కొయ్య దారులు, వాటి మీద చక్రాల బండ్లు. కాళ్ళున్నవాడూ లేనివాడూ అందులో కూర్చుంటే ఒకే వేగం. వెదురు గొట్టాలతో, తూములతో కాలవలు. ఏ తూము మూస్తే నీళ్ళు ఏ చక్రాన్ని తిప్పుతాయో పిల్లలే పోట్లాడుకుని కనిపెట్టాలి. తూనికబల్లల మీద ఏనుగంత లావు వంటశాల అధికారి ఒక కొసన, ముగ్గురు పిల్లలు మరో కొసన. ముందుకు జరగాలా, వెనక్కి జరగాలా అని తెగ వాదించుకుంటున్నారు. ఇసుక అరలలో చేత్తో తడిమి చదివే చెక్కుడు అక్షరాలు, నీడలతో పొద్దు చెప్పే కంబం. యక్షుడి రెండు కాళ్ళూ కూడా ఊరికే ఉండలేదు. మోకాళ్ళ మీది నుంచి పాదాల దాకా పిల్లలు జారుతూ ఉంటే అతడు కితకితలకు పెదవి కొరుక్కుంటున్నాడు.

మధ్యాహ్నానికి మహారాణి వచ్చి, కిరీటం అప్పుడే చక్రాల బండి దిగిన సింగన్న చేతికిచ్చి, తను బండి ఎక్కింది. కుంటి కుమ్మరి వచ్చాడు, డెబ్భై ఏళ్ళ ముసలమ్మ వచ్చింది. ముసలమ్మ వామనగుంటల దగ్గర దొంగాట ఆడుతూ దొరికిపోయి, "నేనా? ఎప్పుడు?" అంటూ కేకలేసింది. తరళ ద్వారానికి దగ్గరలో రాయై ఉన్న తండ్రి పక్కన నిలబడి అందరినీ కళ్ళతో లెక్కపెట్టుకుంటోంది. గుండె నిండుగా ఉంది. ఇంతమంది నవ్వు ఒక్కచోట వినడం ఆమెకు అదే మొదలు.

పొద్దు వాలుతూ ఉండగా ఒక ముసలి యాత్రికుడు లోపలికి వచ్చాడు. కాషాయం, మెడలో రుద్రాక్షలు, చేతిలో కమండలం. ద్వారానికి పది అడుగుల దూరంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు. తరళ ఎదురు వెళ్ళి నమస్కరించింది.

"స్వామీ, ఉయ్యాల ఎక్కుతారా? నీళ్ళ దగ్గర చల్లగా ఉంటుంది."

"నేను ఆడను," అన్నాడతను.

"పోనీ తూనికబల్ల..."

"ఆడనని చెప్పాను కదా." అతను చిరునవ్వు నవ్వాడు. పలుచని, పాము కుబుసంలాంటి నవ్వు. "నన్ను పొమ్మనడానికి నీకు హక్కు లేదు. ఆడించడానికి నీకు సత్తా లేదు. చూస్తూ ఉండు, పొద్దు ఎటు పోతోందో."

తరళకు ఆ క్షణంలో అతడెవరో తెలిసిపోయింది. నీడకంబం నీడ చివరి గీతను తాకబోతోంది. పిల్లలు వచ్చి ఆ ముసలివాడి చెయ్యి పట్టుకు లాగారు. అతను రాతిస్తంభంలా ఉన్నాడు. రాణి స్వయంగా పిలిచింది. అతను ముఖం తిప్పుకున్నాడు. సూర్యుడు పడమటి ప్రాకారం మీద ఆనేసరికి తరళ పాదాలు చల్లబడ్డాయి. వంగి చూసుకుంటే కాలివేళ్ళు నల్లరాయి. చూస్తూ ఉండగానే రాయి చీలమండలకు, పిక్కలకు ఎక్కింది.

గురివింద పలికే బాట మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా! ఆ తాత 'తప్పు, తప్పు' అని గొణుక్కుంటున్నాడు. ఎవరిని తిడుతున్నాడు?"

తరళ చుట్టూ చూసింది. యాత్రికుడికి నాలుగు అడుగుల దూరంలో తొమ్మిది గుంటల రాతిపీట ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా గులకరాళ్ళు గుంటల్లో వెయ్యాలి. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు ఎటు లెక్కపెట్టినా పదిహేను రావాలి. నలుగురు పిల్లలు దాని మీదికి వంగి ఉన్నారు. రెండు, ఏడు, ఆరు. తొమ్మిది, అయిదు, ఒకటి. మూడు, నాలుగు, ఎనిమిది. అడ్డవరుసలన్నీ పదిహేనే. నిలువు వరుసలు కుదరలేదు. యాత్రికుడి చూపుడువేలు తనకు తెలియకుండానే గాలిలో ఆడుతోంది. మంత్రాల కోసం అంకెల యంత్రాలు గీసి గీసి నూరేళ్ళు బతికినవాడు మరి!

"గురివిందా," అంది తరళ మెల్లగా. "ఆ పీట దగ్గరికి వెళ్ళు. పటం పూర్తయిందని గట్టిగా చెప్పు."

పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలు చేత్తో తడిమి, ఊరంతా వినిపించేలా అరిచింది. "అయిపోయింది! ఇదే సరైన పటం! ఎవరూ ముట్టుకోకండి. రేపటి నుంచి పిల్లలందరికీ ఇలాగే నేర్పిద్దాం!"

యాత్రికుడి దవడ బిగుసుకుంది. రాయి తరళ మోకాళ్ళు దాటింది.

"మా మనవలకు కూడా ఇదే నేర్పిద్దాం!" అంది గురివింద ఇంకా గట్టిగా.

"మూర్ఖుల్లారా!" యాత్రికుడు కమండలం విసిరేసి ఒక్క అంగలో పీట దగ్గర పడ్డాడు. "అడ్డం చూస్తే చాలా? నిలువు ఎవడు చూస్తాడు? తొమ్మిది కింద మూడు పెడితే పద్నాలుగే కదా! ఆ మూడు ఇటు, ఈ నాలుగు అటు! ఇప్పుడు లెక్కపెట్టు!"

"పదిహేను!" అన్నారు పిల్లలు. "మూల నుంచి కూడా పదిహేనే! తాతా, ఇరవై నాలుగు వచ్చేలా వెయ్యగలవా?"

"ఎందుకు వెయ్యలేను? ప్రతి గుంటలో ఇంకో మూడు వెయ్యి. రాళ్ళేవీ? ఇటు తే!" అతను పీట ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. గుప్పిట నిండా రాళ్ళు తీసుకుని, పెదవులతో లెక్కపెట్టుకుంటూ, ఒక్కో గుంటా నింపాడు. చివరి గుంట నింపి, "చూశారా!" అని పిల్లల వంక చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. అది కుబుసంలాంటి నవ్వు కాదు.

సూర్యుడు ప్రాకారం వెనక్కి జారిపోయాడు.

"ఆడాడు!" స్తంభకర్ణుడి కేకకు ఏడు ప్రాకారాలూ మారుమోగాయి. "కాలజంఘుడు ఆడాడు!"

మాంత్రికుడి చెయ్యి గుంట మీద అలాగే నిలిచిపోయింది. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి అతని ముఖం బూడిదరంగుకు తిరిగింది. కాషాయం పొగలా చెదిరిపోయి, ఇనపకాళ్ళ గబ్బిలం రెక్కల ఆకారం బయటపడింది.

తరళ కాళ్ళలోకి వేడి నెత్తురు పరుగెత్తింది. మొదటి ఇద్దరు శిల్పులూ దుమ్ము దులుపుకుంటూ కదిలారు. విశ్వకేతుడి తల, మెడ, ఛాతీ రంగు మారాయి. ఆయన కళ్ళు తెరిచి కూతురిని చూశాడు. తరువాత ఆమె భుజం మీదుగా మైదానాన్ని చూశాడు.

"ఆ తూనికబల్ల కుదురు నువ్వే చెక్కావా, అమ్మా?"

"అవును నాన్నా."

"బాగా కుదిరింది," అన్నాడు విశ్వకేతుడు. ఆయన ముఖమంతా వెలిగింది.

తరళ రెండు చేతులూ చాపింది. ఆ చేతులకూ ఆయనకూ మధ్య నల్లటి రెక్క ఒకటి కొట్టుకుంది. "నాలుగో రాయి దక్కకపోతే మూడో రాయైనా నాది!" అంటూ కాలజంఘుడు నడుము దాకా రాయిగా ఉన్న విశ్వకేతుణ్ణి ఇనపకాళ్ళతో తన్నుకుని పైకి లేచాడు. ఒక్క గుక్కెడు ఊపిరి తీసేంతలో పడమటి ఆకాశంలో చుక్కంత అయ్యాడు.

స్తంభకర్ణుడు మోకాళ్ళ మీద ఉన్న నలుగురు పిల్లలనూ ఒక్కొక్కరినే వేళ్ళతో ఎత్తి జాగ్రత్తగా కింద దించాడు. ఆ తరువాత లేచి నిలబడ్డాడు. నూరేళ్ళ దుమ్ము అతని భుజాల మీది నుంచి జలపాతంలా రాలింది. అరచెయ్యి నేలకు ఆనించి, "ఎక్కు," అన్నాడు తరళతో.

"వాడు మబ్బుల్లో దాక్కుంటే మీకు కనిపిస్తాడా?"

"నాకు వినిపిస్తాడు," అంది గురివింద, అప్పటికే యక్షుడి బొటనవేలు పట్టుకుని ఎక్కుతూ. "వాడి ఎడమరెక్క కిర్రుమంటోంది. విన్నావా?"

మహారాణి తన ఒరలోని కత్తి తీసి తరళకు అందించింది. "తలుపులు ఏం చెయ్యమంటావు?"

"మూయకండమ్మా. సింగన్న బాబాయ్ ఉన్నాడుగా."

"నేనెక్కడికీ కదలను," అన్నాడు సింగన్న రాణిగారి కిరీటం ఇంకా చంకలో పెట్టుకునే. "పిల్లలను బండి ఎక్కించేవాడు ఒకడుండాలి."

యక్షుడు రెండు అంగలు వేసి గాలిలోకి లేచాడు. కింద శోణపురి దీపాల పళ్ళెంలా చిన్నదైపోయింది. వాళ్ళు పడమటికి, సూర్యుడి వెంటే ఎగురుతున్నారు కనుక సంధ్య వాళ్ళను వదల్లేదు. మబ్బులు కుంకుమరాశుల్లా, పగడపు దీవుల్లా, ఎర్రటి ఏనుగుల మందల్లా పక్కనుంచి తేలిపోతున్నాయి. యక్షుడి చెవి మడతలో కూర్చున్న గురివింద, "కుడికి... ఇంకా కుడికి... ఇప్పుడు కిందికి," అని చెబుతోంది. మూడుసార్లు మాంత్రికుడు దారి మళ్ళించాడు. మూడుసార్లూ ఆ పిల్ల పసిగట్టింది. ఒకసారి అతను విసిరిన నిప్పుల వల మీదికి వస్తే తరళ రాణిగారి కత్తితో దాన్ని నిలువునా చీల్చింది. నిప్పురవ్వలు ఆమె చీర అంచును కాల్చి సముద్రంలోకి రాలాయి.

చివరకు నీళ్ళ నడుమ ఒక దీవి కనిపించింది. దాని మీద రాగికోట. రాగి గోడలు, రాగి గోపురాలు, రాగి ఆకుల చెట్లు. కాలజంఘుడు రెక్కలు ముడుచుకుని, విశ్వకేతుడితో సహా దాని లోపలికి దిగిపోయాడు. కోట తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. స్తంభకర్ణుడు చప్పుడు కాకుండా ఒక గోపురం చాటున కాళ్ళు ఆనించాడు.

తరళ కిందికి తొంగి చూసింది. వెడల్పయిన వీధులు, వరుసగా ఇళ్ళు. ఎక్కడా ఒక్క కదలిక లేదు.

"ఖాళీ ఊరు," అంది గుసగుసగా.

గురివింద తల పక్కకు వంచి చాలాసేపు విన్నది. ఆమె చేతివేళ్ళు తరళ మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

"ఖాళీ కాదక్కా. కింద బోలెడుమంది పిల్లలున్నారు. వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. ఒక్కళ్ళూ మాట్లాడడం లేదు."

తరళ కత్తిని నడుములో దోపుకుని, అక్కడే ఉన్న తన బాడిశ చేతిలోకి తీసుకుంది. నాన్ననూ, ఆ పిల్లలనూ వెతకడానికి గోపురం అంచు పట్టుకుని ఆ వీధిలోకి దిగసాగింది.